పంపంటే పడని బావ

బావకు లోకంలో దేనిమీదా కోపం లేదు, ఒక్క పంపు మీద తప్ప. తోటల్లో ఫౌంటెన్లు కట్టడం ఆయన వృత్తి. ఫౌంటెన్లు కట్టేవాడికి పంపంటే పడకపోవడమంటే, వంటవాడికి పొయ్యి అంటే పడకపోవడమే. అయినా ఆయన ఇరవై రెండేళ్ళలో నలభై ఏడు ఫౌంటెన్లు పంపనేది లేకుండా కట్టాడు. నీళ్ళ ట్యాంకు మేడమీద ఉంటుంది. ఫౌంటెన్ కింద తోటలో ఉంటుంది. మధ్యలో పైపు, ఆ పైపుకి ఒక వాల్వు, వాల్వు ఉన్న గుంటలో బావమరిది. కాబట్టి ఈ కథంతా గుంటలోంచి కనిపించినంత మేరకే అనుకోవాలి.

పద్ధతి ఇలా ఉండేది. అతిథులు తోటలోకి అడుగు పెట్టగానే బావ రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేసేవాడు. గుంటలో బావమరిది వాల్వు తిప్పేవాడు. నీళ్ళు లేచేవి. అతిథులు "ఆహా" అనుకుని, నాలుగు మాటలు మాట్లాడుకుని అటు తిరగగానే ఇంకో ఈల. బావమరిది వాల్వు కట్టేసేవాడు.

"ఎందుకండీ ఈ అవస్థ? ఒక పంపు పెట్టి స్విచ్చి నొక్కితే పోదూ?" అని అడగని యజమాని లేడు. అడిగి నెగ్గిన యజమానీ లేడు.

"ఆ రోజుల్లో," అని అందుకునేవాడు బావ. "ఫ్రాన్సులో ఒక మహారాజుకి పేద్ద తోట ఉండేది. దాన్నిండా ఫౌంటెన్లే. అన్నిటికీ ఒక్కసారిగా చాలినన్ని నీళ్ళు లేవు. ఏం చేశారు? దారి పొడుగునా మనుషుల్ని పెట్టారు. రాజుగారు వస్తున్నారంటే ఈల. ముందున్న ఫౌంటెన్ లేస్తుంది. ఆయన దాటగానే వెనకది పడుకుంటుంది. అంతటి రాజుకే మనిషి కూర్చుని వాల్వు తిప్పితే, మీకు స్విచ్చేమిటండీ, మీ హోదాకి?"

యజమాని పొంగిపోయేవాడు. పంపు మాట అక్కడితో సమాప్తం. బావమరిది గుంట ఖాయం.

ఆ బావమరిది సంగతీ కాస్త చెప్పుకోవాలి. ఆయన పైపుల ఫిట్టరు. అక్కావాళ్ళింటికి రెండు వారాలు ఉండిపోదామని వచ్చి ఇరవై రెండేళ్ళు ఉన్నాడు. అంతకు ముందు మూడు చోట్ల పనిచేశాడు. మొదటిది అద్దకం మిల్లు. అక్కడ పైపులు మంచివి కావన్నాడు. రెండోది ఆసుపత్రి. అక్కడ నీళ్ళకి దూకుడెక్కువన్నాడు. మూడోది ఈతకొలను. అక్కడ ఏకంగా కొలను కట్టినవాణ్ణే తప్పుపట్టాడు. ఆడలేక మద్దెల ఓడంటే ఏమిటో తెలుసుకోవాలనుకునేవాళ్ళు ఆ రోజుల్లో ఆయన దగ్గర పది నిమిషాలు కూర్చుంటే సరిపోయేది. ఈ మాట ఇప్పుడు ఆయనే అంటాడు.

వచ్చిన మూడో రోజున బావ అడిగాడు.

"ఒరేయ్, నాతో పనికొస్తావా?"

"వస్తాను కానీ బావా, నా పనితనానికి తగ్గ పని ఉండాలి."

"ఉంది," అన్నాడు బావ. అనే ముందు కాసేపు ఆలోచించాడు. ఆ ఆలోచనేమిటో బావమరిదికి ఇరవై రెండేళ్ళకు గానీ తెలియలేదు.

మొదట్లోనే పళ్ళ డాక్టరుగారి తోట వచ్చింది. రెండు కాలవలు అడ్డంగా నిలువుగా కలిసి, తోటను నాలుగు మడులు చేస్తాయి. నడిమధ్య ఫౌంటెన్. పర్షియా దేశపు తోటల పద్ధతి. ఫౌంటెన్ నడవడం మొదలైన పదిహేను రోజులకు డాక్టరుగారు ఆదరాబాదరా కబురు పెట్టాడు.

"ఏమిటండీ ఇది? ఒక మడి మొత్తం జానెడు లోతుకి కూలిపోయింది!"

బావ మడి చుట్టూ తిరిగాడు. వంగి పిడికెడు మట్టి తీసి పిసికి చూశాడు. మట్టి ముద్దయింది. ఒకసారి బావమరిది వైపు చూశాడు. బావమరిది ఆకాశం వైపు చూశాడు. వెంటనే బావ ముఖం వెలిగిపోయింది.

"కూలడం కాదండీ, దిగింది. ఆ రోజుల్లో ఎడారి దేశాల్లో మడుల్ని కావాలనే దారికంటే పల్లంగా పెట్టేవారు. తడి నిలుస్తుంది. పైగా మీరు దారిమీద నడుస్తుంటే పూలన్నీ మీ పాదాల దగ్గరే ఉంటాయి, తివాచీ పరిచినట్టు. మిగతా మూడూ కూడా దింపేద్దాం."

బావమరిది వారం రోజులు మూడు మడులు తవ్వాడు. నడుము పట్టేసింది. డాక్టరుగారు మాత్రం వచ్చిన ప్రతి రోగికీ ఆ పల్లపు మడుల గొప్ప చెప్పేవాడు. నోరు తెరుచుకుని కూర్చున్నవాళ్ళు కాదనలేరు కదా.

తరువాత హోటలు యజమాని. ఆయన తోటలో తిన్నగా పోవాల్సిన కాలవ, బావమరిది వేసిన పైపు వెంట పోయి, నాలుగు వంకరలు తిరిగింది. యజమాని నోరు తెరవబోయేంతలో బావ, "ఆ రోజుల్లో ఇంగ్లీషు తోటలవాళ్ళకి తిన్నటి గీతంటే ఒళ్ళుమంట" అని అందుకుని, సాయంత్రం దాకా వదల్లేదు. చివరికి యజమాని గేటు నుంచి గుమ్మం దాకా ఉన్న తిన్నటి దారిని కూడా తవ్వించి వంకర చేయించుకున్నాడు. సామాన్లు మోసేవాళ్ళు మూడు నెలలు బావను తిట్టుకున్నారు.

వీటన్నిటికీ తలమానికం జడ్జిగారి తేనీటి విందు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ నవ్వని మనిషని జడ్జిగారికి పేరు. పాత స్నేహితులు పాతికమంది వచ్చారు. బావ ఈల వేశాడు. గుంటలో బావమరిది వాల్వు తిప్పాడు. ఫౌంటెన్ లేచింది. దాంతోపాటు, ఎవరూ అడక్కుండానే, నడిచే దారిలో పరిచిన బండల సందుల్లోంచి కూడా సన్నటి ధారలు లేచాయి. పాతికమంది పెద్దమనుషులు కప్పులూ సాసర్లూ పట్టుకుని గంతులేశారు. బావమరిదికి కేకలు వినిపించి, జనానికి ఫౌంటెన్ తెగ నచ్చేసిందనుకుని వాల్వు ఇంకో చుట్టు తిప్పాడు.

జడ్జిగారు తడిసిన చొక్కాతో బావ ముందుకొచ్చి నిలబడ్డాడు. తీర్పు చెప్పేవాడి ముఖం పెట్టాడు.

"ఆ రోజుల్లో," అన్నాడు బావ నీళ్ళు కారుతున్న మీసాలతో, "ఇటలీలో పెద్దపెద్ద ప్రభువులు తమ తోటల్లో నేల కింద ఇలాంటి దొంగ ధారలు పెట్టించేవారండీ. వచ్చిన చుట్టాల్ని ఉన్నట్టుండి తడిపేసి నవ్వుకోవడం వాళ్ళకి మహా సరదా. అతి దగ్గరి స్నేహితులకే ఆ మర్యాద."

జడ్జిగారు వెనక్కి తిరిగి స్నేహితుల్ని చూశాడు. ఒకాయన టోపీ పిండుకుంటున్నాడు. జడ్జిగారికి ఎక్కడి నుంచి వచ్చిందో నవ్వు, పొట్ట పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు. మర్నాడు పొద్దున్నే ఫోను చేసి, అలాంటివి ఇంకో రెండు కావాలన్నాడు.

లీకు పెట్టమని బావమరిదిని ఒకరు అడగడం జీవితంలో అదే మొదటిసారి. రెండు రోజులు కష్టపడ్డాడు. జాయింటుకి నార చుట్టలేదు, మర సగమే బిగించాడు, పానాతో వదులు కూడా చేశాడు. ఆ రెండు జాయింట్ల నుంచీ ఈనాటి వరకు ఒక్క చుక్క కారలేదు.

ఇలా ఏళ్ళు గడిచాయి. ఇంట్లో గోడల నిండా పుస్తకాలు పేరుకున్నాయి. తోటల మీద, కోటల మీద, కాలవల మీద, ఫౌంటెన్ల మీద. అన్నం తింటూ కూడా బావ ఒక పుస్తకం పక్కన పెట్టుకునేవాడు. బావమరిది తనలో తాను జాలిపడేవాడు. "పాపం, పిచ్చి ముదిరింది. బురద కనిపిస్తే చాలు, అందులో చరిత్ర వెతుక్కుంటున్నాడు. నాలాంటి తెలివైనవాడు పక్కన ఉండబట్టి నెట్టుకొస్తున్నాడు" అనుకునేవాడు. సరిగ్గా ఇవే మాటలు అనుకునేవాడు.

ఇంతలో పార్కు పని వచ్చింది. ఊరి నడిబొడ్డున ఉన్న పెద్ద పార్కు అది. దాని మధ్యలో గుండ్రటి రాతి తొట్టి ఒకటి ఎప్పుడో ఎండిపోయి, ఎండుటాకులకీ బఠాణీల పొట్లాలకీ నెలవైపోయింది. దానిలో మళ్ళీ ఫౌంటెన్ పెట్టాలని పార్కు కమిటీ డ్రాయింగులు అడిగితే పదకొండుమంది ఇచ్చారు. బావది మొదటిదిగా ఎంచారు.

ఆ కబురు వచ్చిన రోజున బావ రెండుసార్లు భోజనం చేశాడు. మొదటిసారి చేసిన సంగతి మరిచిపోయాడు.

"ఇన్నాళ్ళూ గోడల వెనక కట్టాన్రా," అన్నాడు బావమరిదితో. "గేటు దగ్గర నీ పేరేమిటని అడగని చోట ఒక్కటైనా కట్టాలని ఉండేది. మోకాళ్ళు చూస్తే ఇలా ఉన్నాయి. ఇదే ఆఖరిది. కానీ ఇది చాలు."

పది రోజుల తరువాత కమిటీకి బావ ఒక ఉత్తరం రాశాడు. వాళ్ళు పంపు పెట్టమంటున్నారనీ, అందుకే కట్టనని రాశాననీ ఇంట్లో చెప్పాడు.

బావమరిది నెత్తి కొట్టుకున్నాడు.

"బావా! పార్కులో మేడ ఎక్కడుంది ట్యాంకు పెట్టడానికి? పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనం వస్తూనే ఉంటారు. ఎన్ని ఈలలు వేస్తారు? మీ పళ్ళూడిపోవూ?"

"ఆ రోజుల్లో—"

"శుక్రవారం దాకా చూసి రెండో నంబరువాడికి ఇచ్చేస్తారట. వాడిది సిమెంటు డాల్ఫిన్ బావా! కళ్ళల్లో ఎర్ర లైట్లట! మీరు ప్రతిరోజూ ఆ డాల్ఫిన్ పక్కనుంచి నడిచి కూరలకి వెళ్ళాలి!"

బావ ముఖం పాలిపోయింది. అయినా మాట మార్చలేదు. పక్కన బట్టలు మడతపెడుతున్న అక్క ఒక్క మాటైనా మాట్లాడలేదు. అక్క నోట్లో నువ్వుగింజ నానదని చుట్టాలందరికీ తెలుసు. అలాంటిది ఆవిడ ఒకే తువ్వాలును నాలుగుసార్లు మడతపెట్టి ఊరుకుంది.

ఇక లాభం లేదని బావమరిది గురువారం పొద్దున్న తలకి నూనె రాసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తానే పార్కు ఇంజనీరును చూడబోయాడు. ఆవిడ నడివయసు మనిషి. బల్లనిండా పటాలున్నాయి.

"నేను ఆయన బావమరిదినండీ. మా బావ తరఫున క్షమాపణ చెప్పుకుందామని వచ్చాను. ఆయన బంగారంలాంటి మనిషి. పంపు దగ్గరే కాస్త... ఇది." అని బావమరిది కణత దగ్గర వేలు తిప్పి చూపించాడు.

ఇంజనీరు కళ్ళద్దాలు తీసింది. "పంపంటే ఆయనకేం పేచీ లేదే? డ్రాయింగులో పంపు గది వేసిచ్చింది ఆయనే."

ఆవిడ పటం విప్పి బల్లమీద పరిచింది. బావ చేతిరాతే. తొట్టికి ఉత్తరాన చిన్న గది. గదిలో పంపు. ఎంత చక్కగా గీశాడంటే, పంపు మీద ఆయనకి ప్రేమ ఉందేమోననిపించింది బావమరిదికి.

"మరి పేచీ ఎక్కడొచ్చిందండీ?"

"ఫిట్టరు దగ్గర. పంపు నీళ్ళని గట్టిగా తోస్తుంది కదా. జాయింట్లు ఆ ఒత్తిడికి తట్టుకోవాలి. పరీక్ష పాసైన మా ఫిట్టరుతోనే వేయిస్తామన్నాం. అంతకు ముందు దాకా సరేనన్న మనిషి, ఆ మాట వినగానే లేచి వెళ్ళిపోయి, కట్టనని ఉత్తరం రాశాడు. ఆయనకి ఎవరో సొంత ఫిట్టరున్నాడట. వాణ్ణి తప్ప ఇంకొకణ్ణి పెట్టనన్నాడు." ఆవిడ గొంతు తగ్గించింది. "ఆ ఫిట్టరు గురించి నేను వాకబు చేశానండీ. మా పళ్ళ డాక్టరు చెప్పాడు. వాడు చెయ్యి వేస్తే కారని పైపు లేదట. మేడమీది ట్యాంకు నీళ్ళు మెల్లగా వస్తాయి, అదీ రెండు నిమిషాలే వదుల్తారు కాబట్టి సరిపోతోంది కానీ, పంపు గనక పెడితే ఆ జాయింట్లన్నీ బాణాల్లా లేచిపోతాయి. మీకు తెలుసా అతను?"

"తెలుసండీ," అన్నాడు బావమరిది. "పుట్టినప్పటి నుంచీ తెలుసు."

పార్కు ఆఫీసు మెట్లు దిగుతుంటే ఆయనకి ఒక్కొక్కటే కళ్ళ ముందుకి వచ్చాయి. దిగిపోయిన మడి. వంకరపోయిన కాలవ. గంతులేసిన పెద్దమనుషులు. ప్రతిచోటా ముందు తన జాయింటు, దాని వెనకే బావ చరిత్ర. ఇన్నాళ్ళూ బావకి పిచ్చి అనుకుంటూ ఆ పిచ్చి నీడలో తాను హాయిగా కూర్చున్నాడు.

ఇంటికి వెళ్ళి తిన్నగా అక్క దగ్గర కూర్చున్నాడు.

"అక్కా, నా జాయింట్లు కారతాయా?"

అక్క కళ్ళు పెద్దవి చేసుకుని చూసింది. "ఎవడ్రా చెప్పింది?"

"కారవు అనలేదు నువ్వు."

అంతే, ఇరవై రెండేళ్ళ నువ్వుగింజ ఒక్కసారిగా బయటపడింది. "ఊరందరికీ తెలుసురా, నీకు తప్ప! నువ్వు రాకముందు మీ బావ కట్టిన ఫౌంటెన్లన్నిటికీ పంపులే. చరిత్రా లేదు, చట్టుబండలూ లేవు. నువ్వు వచ్చాక మూడో రోజున పెరట్లో కుళాయి బిగించావు గుర్తుందా? ఆ సాయంత్రమే ఆయన పాత పుస్తకాల కొట్టుకి వెళ్ళి ఫ్రాన్సు రాజు పుస్తకం కొనుక్కొచ్చాడు. అక్కడి నుంచి నువ్వు పెట్టిన ఒక్కో లీకుకీ ఒక్కో పుస్తకం. ఇదిగో చూడు, ఈ అలమర ఒక్క జడ్జిగారిదే!"

"మరి నాకు చెప్పలేదేం?"

"చెప్పావంటే ఊరుకోనని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. 'మూడు చోట్ల తీసేశారు వాణ్ణి, నాలుగో చోటు మన ఇల్లు కాకూడదు' అన్నాడు." అక్క ముక్కు చీదుకుంది. "నేనెంత అవస్థ పడ్డానో నీకేం తెలుసు? ఒక్కరికైనా చెప్పుకోలేకపోయాను!"

బావ వరండాలో కూర్చుని పుస్తకం తిరగేస్తున్నాడు. బావమరిది ఎదురుగా వెళ్ళి నిలబడ్డాడు.

"బావా, పార్కుకి పంపు పెట్టండి."

"ఆ రోజుల్లో—"

"ఆ రోజుల మాట అలా ఉంచండి. ఈ రోజు సంగతి చెప్పండి. నా జాయింట్లు కారతాయా?"

బావ తేలు కుట్టిన దొంగలా కూర్చుండిపోయాడు. పుస్తకం వైపు చూశాడు. అందులో ఈ ప్రశ్నకి ఏ దేశపు రాజూ జవాబు చెప్పలేదు.

"కారడమంటే... కొంచెం చెమరుస్తాయి."

"అన్నీనా?"

"జడ్జిగారింట్లో రెండు కారవు," అన్నాడు బావ, న్యాయం తప్పకుండా.

"ముందే చెప్పి ఉంటే నేర్చుకునేవాణ్ణిగా!"

"నేర్పించాన్రా. మొదటి ఏడాదంతా నేర్పించాను. నేర్పిన కొద్దీ ఎక్కువ కారాయి." బావ పుస్తకం మూసేశాడు. "ఒరేయ్, నాకు పంపులతో పని చేసిన రోజులు గుర్తున్నాయి. స్విచ్చి నొక్కి ఇంటికి వచ్చేసేవాణ్ణి. రోజంతా ఎవరితో ఒక్క మాట ఉండేది కాదు. నువ్వొచ్చాక రోజంతా మాటలే, నవ్వులే. ఆ పుస్తకాలు మొదట నీ కోసమే కొన్నాను. తరువాత అవి లేకపోతే నాకే తోచకుండా పోయింది. ఇందులో త్యాగమేం లేదు. ఒక డాల్ఫినుకి భయపడి నిన్ను తీసేసి, పొద్దున్నే లేచి నేనెవరితో పనికి వెళ్ళాలి?"

గుంటలో కూర్చోబెట్టినందుకు బావమరిది ఎన్నిసార్లు ఈ మనిషిని తిట్టుకున్నాడో లెక్క లేదు.

"తీసేసేదేమిటి, నేనే మానేస్తున్నాను," అన్నాడు. "రేపు శుక్రవారం. పొద్దున్నే ఇద్దరం వెళ్దాం. వాళ్ళ ఫిట్టరు చేత వేయించండి. లేదంటే ఈ రాత్రికే వంటింటి కుళాయి నేను బిగిస్తాను."

"అమ్మో," అంది లోపల్నుంచి అక్క. "ఒప్పుకోండి!"

బావ ఒప్పుకున్నాడు. కానీ మర్నాడు ఇంజనీరు దగ్గర తానూ ఒక షరతు పెట్టాడు. ఆ రోజుల్లో రాజుల తోటల్లో ఫౌంటెన్లను కనిపెట్టుకుని ఉండడానికి ప్రత్యేకంగా మనుషులు ఉండేవారనీ, తండ్రి తరువాత కొడుకు ఆ పని చేసిన కుటుంబాలు కూడా ఉన్నాయనీ మొదలుపెట్టి, ఆ పార్కుకి అలాంటివాడు ఒకడు ఉండి తీరాలనీ, అది తన ఫిట్టరైన ఈ బావమరిదే కావాలనీ అన్నాడు. ఇంజనీరు బావమరిది వైపు చూసింది. ముందురోజు తాను ఎవరి గురించి ఎవరితో మాట్లాడిందో ఆవిడకి అప్పుడు అర్థమై చెవులదాకా ఎర్రబడింది. ఆ సిగ్గులోనే కాబోలు వెంటనే సరేనంది. పొద్దున్న స్విచ్చి వెయ్యాలి, సాయంత్రం తియ్యాలి, తొట్టిలో ఆకులు ఏరాలి. పార్కు గేటు లోపలికి పానా మాత్రం తీసుకురాకూడదు. ఈ చివరి ముక్క ఆవిడ కాగితం మీద రాయించుకుని సంతకం పెట్టించుకుంది.

మూడు నెలలకి ఫౌంటెన్ మొదలైంది. గేటు దగ్గర ఎవరూ ఎవరి పేరూ అడగలేదు. సంచులతో వచ్చినవాళ్ళు సంచులతో, చంటిపిల్లలతో వచ్చినవాళ్ళు చంటిపిల్లలతో తొట్టి చుట్టూ చేరారు. బావమరిది స్విచ్చి వేసి, పంపు గది తాళం వేసుకుని, పరుగున వచ్చి జనంలో నిలబడ్డాడు.

నీళ్ళు లేచాయి. ముందు మోకాలెత్తు, తరువాత మనిషెత్తు, తరువాత మనిషి తలెత్తి చూసేంత ఎత్తు. పైకి వెళ్ళి, ఒక్క క్షణం ఎటు పోదామా అని ఆగినట్టు ఆగి, ఎండలో మెరుస్తూ గొడుగులా విచ్చుకుని దిగాయి. ఆయన ఇన్నాళ్ళూ నీళ్ళ చప్పుడు వినడమే గానీ, ఫౌంటెనుకి ఎదురుగా నిలబడి చూడడం అదే మొదలు. బావ ఇంత అందమైన పని చేస్తాడని ఆయనకి తెలియదు. కళ్ళు తుడుచుకున్నాడు. చుట్టూ నేల పొడిగా ఉంది. బండల సందుల్లోంచి ఏదీ లేవలేదు.

అవతలి పక్క బావ అప్పుడే పదిమందిని పోగుచేసి "ఆ రోజుల్లో" అని మొదలుపెట్టేశాడు.

బావమరిది పక్కన కూరల సంచితో నిలబడిన ఒక పెద్దావిడ, "ఎంత బాగుంది బాబూ! ఎవరు కట్టారు?" అంది.

"మా బావ కట్టాడండీ," అన్నాడు ఆయన ఛాతీ విరుచుకుని.

"అలాగా! మరి ఇందులో మీరేం చేశారు?"

"నేను చెయ్యి పెట్టలేదండీ," అన్నాడు బావమరిది. "అందుకే ఇంత బాగా వచ్చింది."